బ్యానరు మీది నూరు శాతంలో ఎవరు లేరో చూడండి

ప్రశ్న: మాది హిందూపురం దగ్గర పల్లె. మా అమ్మాయి మూడో తరగతిలో చేరాల్సిన ఏడాది బెంగళూరు వచ్చి కె.ఆర్.పురంలో స్థిరపడ్డాం. మా వారు క్యాబ్ నడుపుతారు, నేను ఇంట్లో బట్టలు కుడతాను. ఇద్దరి సంపాదన కలిపినా ఏడాదికి మూడు లక్షల లోపే. పాప ఇప్పుడు ఏడో తరగతి చదువుతున్న చిన్న ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడిలో ఆపై తరగతులు లేవు. ఎనిమిదికి ఎక్కడ చేర్చాలో తేలడం లేదు. మా వారు చూసొచ్చిన ప్రైవేటు హైస్కూల్లో ఏడాదికి ఫీజు 55 వేలు, వ్యాను ఖర్చు వేరే. గేటు మీద ‘పదో తరగతిలో నూరు శాతం ఫలితం’ అని బ్యానరు కట్టారు. పాపకు ప్రవేశ పరీక్ష పెట్టి, మా ఇద్దరితో మాట్లాడాకే సీటు సంగతి చెబుతామన్నారు. ఇంటికి దగ్గర్లోనే ప్రభుత్వ హైస్కూలు ఉంది, అందులో ఇంగ్లీషు మీడియం విభాగం కూడా ఉంది, కానీ ఫలితం 78 శాతమేనట. ‘అది పనివాళ్ల పిల్లలు చదివే బడి’ అని చుట్టుపక్కలవాళ్లు అంటున్నారు. మా అన్నయ్యేమో తిరుపతిలో హాస్టలున్న బడిలో వేయమంటున్నాడు. పాప బుద్ధిగా చదువుతుంది గానీ లెక్కల్లో వెనకబడింది. నాకు కన్నడ మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ఒక బడి మంచిదో కాదో మాలాంటివాళ్లు ఎలా తెలుసుకోవాలి?

– ఒక తల్లి, బెంగళూరు

సమాధానం: అమ్మా, మీ ఇంట్లో చర్చ అంతా నూరు, డెబ్బై ఎనిమిది అనే రెండు అంకెల మధ్య నడుస్తున్నట్టు మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. కాబట్టి ముందు వాటి సంగతే చూద్దాం. పదో తరగతి ఉత్తీర్ణత శాతం అంటే, ఆ సంవత్సరం ఆ బడి నుంచి పరీక్ష రాసినవాళ్లలో ఎంతమంది గట్టెక్కారనే లెక్క మాత్రమే. ఎనిమిదిలో చేరినవాళ్లలో ఎంతమంది పదో తరగతి పరీక్ష దాకా ఆ బడిలోనే ఉన్నారన్నది ఆ శాతంలో ఎక్కడా కనిపించదు. లెక్క కోసం ఒక ఉదాహరణ చెబుతాను. ఒక ప్రైవేటు బడిలో ఎనిమిదో తరగతిలో 60 మంది ఉన్నారనుకోండి. తొమ్మిదికి వచ్చేసరికి బలహీనంగా ఉన్నవాళ్ల తల్లిదండ్రులను పిలిచి, మీ పిల్లవాడు ఇక్కడ నెగ్గలేడు, వేరేచోట చేర్చుకోండి అని టీసీ చేతిలో పెట్టారు. మరికొందరిని ప్రైవేటు అభ్యర్థులుగా పరీక్షకు కట్టించారు. మిగిలిన 41 మంది రాశారు, 41 మందీ పాసయ్యారు. బ్యానరు మీద నూరు శాతం అని వేశారు. పక్కనే ఉన్న ప్రభుత్వ బడిలో ఎనిమిదిలో 90 మంది, పదిలో 86 మంది, పాసైనవాళ్లు 67 మంది, అంటే 78 శాతం. ఇప్పుడు ఎనిమిదిలో చేరినవాళ్ల లెక్కన చూడండి. మొదటి బడి 60 మందిలో 41 మందిని గట్టెక్కించింది, అంటే 68 శాతం. రెండోది 90 మందిలో 67 మందిని గట్టెక్కించింది, అంటే 74 శాతం. ఎక్కువమంది పిల్లలకు ఉపయోగపడిన బడికి బ్యానరు కట్టుకునే అంకె రాలేదు.

మీరు చూసిన బడి ఇలాగే చేస్తోందని నేను అనడం లేదు, నిజంగా అందరినీ చదివించి నూరు తెచ్చే బడులూ ఉన్నాయి. అయితే ఏది ఎలాంటిదో తేల్చుకోవడానికి అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: రెండేళ్ల కిందట ఎనిమిదిలో ఎంతమంది ఉన్నారు, ఈ ఏడాది పదిలో ఎంతమంది ఉన్నారు? విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లనూ బడి నుంచి తీసేయడానికి వీల్లేదు. ఆ రక్షణ ఎనిమిదితో ఆగిపోతుంది కాబట్టి ఏరివేత జరిగితే సాధారణంగా తొమ్మిదిలోనే జరుగుతుంది. బెంగళూరు లాంటి ఊళ్లో ఇల్లు మారేవాళ్లు, ఊరికి తిరిగి వెళ్లేవాళ్లు ఉంటారు కనుక నలుగురైదుగురు తగ్గడం సహజం. నాలుగో వంతు, మూడో వంతు తగ్గితే మాత్రం దానికి కారణం అడిగి తీరాలి. ప్రతి బడికీ యూడైస్ అనే 11 అంకెల కోడ్ ఉంటుంది. కేంద్ర విద్యాశాఖ యూడైస్ ప్లస్ వెబ్‌సైటులో ఆ కోడ్ కొడితే బడి వివరాల పత్రం తెరుచుకుంటుంది. ఏ తరగతిలో ఎంతమంది పిల్లలు, ఎంతమంది ఉపాధ్యాయులు, మరుగుదొడ్లు, గ్రంథాలయం ఉన్నాయా లేవా అన్నవి అందులో ఉంటాయి. ఆ వివరాలు బడులే నింపుతాయి, కనుక వాటిని కళ్లు మూసుకుని నమ్మకుండా, మీరు బడికి వెళ్లినప్పుడు సరిచూసుకోవడానికి వాడండి. మీ వారి ఫోనులోనే ఈ పని అవుతుంది.

శాతాల గురించి ఇంకొక్క మాట. 2023లో కర్ణాటక మొత్తం మీద పదో తరగతి పరీక్ష అయిన ఎస్‌ఎస్‌ఎల్‌సీ ఉత్తీర్ణత 83.89 శాతం. 2024లో పరీక్షా కేంద్రాల్లో కెమెరాలు పెట్టి వెబ్‌కాస్టింగ్ చేశారు. ఆ ఏడాది గ్రేస్ మార్కులు పెంచి ఇచ్చిన తరవాత కూడా ఉత్తీర్ణత 73.40 శాతం దగ్గరే ఆగింది. ఒక్క ఏడాదిలో రాష్ట్రంలోని పిల్లలంతా అంతగా మందగించలేదు కదా, పరీక్ష జరిగే తీరు మారింది. కాబట్టి ఒక బడి 2023 ఫలితాన్ని ఇంకో బడి 2024 ఫలితంతో ఎన్నడూ పోల్చకండి. పోలిస్తే ఒకే ఏడాదివి, అదీ మూడేళ్లవి పక్కపక్కన పెట్టి పోల్చండి. 2024 నుంచి ఏడాదికి ఒకటికి మించి పరీక్షలు పెడుతున్నారు గనుక, చెబుతున్న శాతం మొదటి పరీక్షదా, అన్నీ కలిపిందా అని కూడా అడగండి.

ఈ సంగతిని ఇంతగా సాగదీయడానికి కారణం మీ అమ్మాయే. ఆమె లెక్కల్లో వెనకబడిందని మీరు ఉత్తరం చివర ఒక్క ముక్కలో రాశారు గానీ, నా దృష్టిలో మీ ప్రశ్నకు మూలం అదే. చురుగ్గా ఉన్న పిల్ల ఏ బడిలోనైనా ఎంతో కొంత నేర్చుకుంటుంది. వెనకబడిన పిల్లను ఒక బడి ఏం చేస్తుందన్నదే ఆ బడి నాణ్యతకు అసలైన కొలత. దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పుతుందా, చివరి బెంచీలో వదిలేస్తుందా, తొమ్మిదిలో సాగనంపుతుందా? మీరు వెతకాల్సింది ఈ ప్రశ్నకు జవాబు. ఇలాంటి పిల్లలు ఎక్కడో ఒకరిద్దరే ఉంటారని అనుకోకండి. ‘అసర్’ సర్వే 2023లో 14 నుంచి 18 ఏళ్ల గ్రామీణ యువతను పరీక్షించినప్పుడు, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించే లెక్క చేయగలిగినవాళ్లు 43.3 శాతం మందే తేలారు. పట్నంలో పరిస్థితి కొంత మెరుగ్గా ఉండవచ్చు గానీ, హైస్కూల్లో అడుగుపెట్టే పిల్లల్లో చాలామందికి భాగహారం, భిన్నాలు గట్టిగా రావన్నది పాఠం చెప్పే ప్రతి ఉపాధ్యాయుడికీ తెలుసు. ఎనిమిదో తరగతి బీజగణితం ఆ పునాది మీదే నిలబడాలి. ఈ రాత్రే మీ పాపకు 847ను 6తో భాగించమని, మూడింట ఒకటికి నాలుగింట ఒకటి కలపమని ఇచ్చి చూడండి. ఎక్కడ తడబడుతుందో కాగితం మీద రాసిపెట్టుకోండి. బడికి వెళ్లినప్పుడు ‘మా పాప లెక్కల్లో వీక్’ అని చెప్పడానికీ, ‘మా పాపకు భిన్నాల కూడిక రాదు, మీ దగ్గర ఎప్పుడు, ఎవరు నేర్పుతారు’ అని అడగడానికీ చాలా తేడా ఉంటుంది. మొదటి మాటకు అన్ని బడులూ ‘మేం చూసుకుంటాం’ అనే అంటాయి. రెండో ప్రశ్నకు జవాబు ఉన్న బడే చెప్పగలదు.

కర్ణాటక ప్రభుత్వ బడుల్లో విద్యాసంవత్సరం మొదట్లో ‘సేతుబంధ’ అనే కార్యక్రమం ఉంటుంది. కింది తరగతుల్లో ఏది నేర్చుకోలేదో ఒక చిన్న పరీక్షతో కనిపెట్టి, కొన్నాళ్లు అదే నేర్పి, మళ్లీ పరీక్షించి, ఆ తరవాతే కొత్త పాఠాల్లోకి వెళ్లాలి. కాగితం మీద ఇది అన్నిచోట్లా జరుగుతుంది. నిజంగా జరిగే బడిలో మాత్రం కిందటి జూన్‌లో రాయించిన ఆ పరీక్ష కాగితాలు, ఏ పిల్లకు ఏది రాలేదన్న పట్టిక చూపించగలుగుతారు. హెడ్‌మాస్టరుగారిని మర్యాదగా అడగండి: “సార్, కిందటేడు ఎనిమిదిలో చేరినవాళ్లలో భాగహారం రానివాళ్లు ఎంతమంది ఉన్నారు, ఇప్పుడు ఎంతమందికి వచ్చింది?” అంకె చెప్పగలిగినా, లేదా సంబంధిత ఉపాధ్యాయుణ్ణి పిలిపించి చెప్పించినా, ఆ బడి పిల్లల్ని చూస్తోందని అర్థం. ఇదే ప్రశ్న ప్రైవేటు బడిలోనూ అడగండి.

దీనికంటే మేలైన సాక్ష్యం పిల్లల నోటు పుస్తకాలు. బడుల్లో ఎన్నో ఏళ్లు గడిపినదాన్ని కాబట్టి గట్టిగా చెబుతున్నాను, అరగంట పాటు నోటు పుస్తకాలు తిరగేస్తే ఒక బడి గురించి తెలిసేది దాని బ్రోషరు పది కాపీలు చదివినా తెలియదు. మీ వీధిలో ఆ రెండు బడుల్లోనూ తొమ్మిదో తరగతి చదివే పిల్లలు ఉండే ఉంటారు. మొదటి ర్యాంకు పిల్లది వద్దు, మామూలుగా చదివే పిల్ల లెక్కల నోటు, సైన్సు నోటు అడిగి తీసుకోండి. మీకు ఆ పాఠాలు తెలియనక్కర్లేదు. నోటు నిండా లెక్కలు అందంగా, ఒక్క తప్పూ లేకుండా ఉన్నాయంటే సంతోషించకండి, అది బోర్డు మీద నుంచి దించిన నోటు. నేర్చుకుంటున్న పిల్ల నోటులో తప్పులు ఉంటాయి, కొట్టివేతలు ఉంటాయి, తప్పు పక్కన ఉపాధ్యాయురాలి దిద్దుబాటు ఉంటుంది, ఆ కింద పిల్ల మళ్లీ చేసిన లెక్క ఉంటుంది. పేజీ చివర టిక్కు పెట్టి సంతకం చేసి వదిలేశారా, లేక ‘ఇక్కడ గుర్తు మార్చావు, మళ్లీ చెయ్యి’ అని రాశారా చూడండి. తేదీలు చూడండి. జూలైలో నాలుగైదు పేజీలు, ఆగస్టులో ఒకటి, పరీక్షల ముందు వారంలో ముప్పై పేజీలు ఉంటే, ఆ మధ్యలో పాఠం చెప్పేవాళ్లు లేరని అర్థం. సైన్సు నోటులో పిల్ల తన మాటల్లో ఒక్క వాక్యమైనా రాసిందా, లేక అందరి నోట్లలోనూ ఒకే జవాబు అక్షరం పొల్లుపోకుండా ఉందా అన్నది ఇద్దరు పిల్లల నోట్లు పక్కపక్కన పెడితే తేలిపోతుంది. బట్టలు కుట్టే మీకు కుట్టు తిరగేసి చూస్తే పనితనం తెలుస్తుంది కదా, నోటు పుస్తకం బడికి అలాంటి లోపలి కుట్టు.

ఇక ఉపాధ్యాయుల సంగతి. ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు, భౌతిక రసాయన శాస్త్రాలు చెప్పే పోస్టును ‘పీసీఎం’ అనీ, జీవశాస్త్రం వైపు పోస్టును ‘సీబీజెడ్’ అనీ అంటారు. మీరు వెళ్లి “పీసీఎం టీచరు పర్మనెంటా, అతిథి శిక్షకులా? ఎంతకాలంగా ఉన్నారు?” అని అడిగితే మీరు తెలిసి అడుగుతున్నారని వాళ్లకు అర్థమవుతుంది. అతిథి శిక్షకుల్లో ఎంతో బాగా చెప్పేవాళ్లున్నారు, నేను చూశాను. కానీ వాళ్ల నియామకం ఏడాదికి ఒకసారి జరిగేది, అది ఆలస్యమైతే జూన్, జూలై నెలలు లెక్కల పీరియడు ఖాళీగా పోతుంది, వెనకబడిన పిల్లకు ఆ రెండు నెలలే చాలా ఖరీదు. ప్రైవేటు బడిలో ఈ చిక్కు వేరే రూపంలో ఉంటుంది. జీతాలు తక్కువైన చోట ఉపాధ్యాయులు నిలవరు, దసరాకు ఒకరు, సంక్రాంతికి ఒకరు మారిపోతుంటారు. అందుకని అక్కడ చదివే పిల్లల్ని “ఈ ఏడాది లెక్కలకు ఎంతమంది టీచర్లు మారారు?” అని అడగండి. మీరు యాజమాన్యాన్ని అడిగితే వచ్చే జవాబుకన్నా పిల్ల చెప్పే జవాబు నిక్కచ్చిగా ఉంటుంది. ఇంకొకటి, బడిలో పాఠం చెప్పే ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదని విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ అంటోంది. ‘సాయంత్రం మా సార్ దగ్గరే ట్యూషన్ పెట్టించండి, అప్పుడు పాసవుతుంది’ అని ఏ బడిలోనైనా వినబడితే, పగలు చెప్పాల్సింది పగలు చెప్పడం లేదని వాళ్లే ఒప్పుకుంటున్నట్టు.

ప్రవేశ పరీక్ష గురించి కూడా ఇదే వరుసలో చెప్పాలి. ఎనిమిదో తరగతి దాకా పిల్లను చేర్చుకోవడానికి పిల్లకు గానీ తల్లిదండ్రులకు గానీ వడపోత పరీక్షలు, ఇంటర్వ్యూలు పెట్టకూడదని అదే చట్టం 13వ సెక్షన్ నిషేధిస్తోంది. మొదటిసారి ఉల్లంఘిస్తే 25 వేలు, ఆ తరవాత ప్రతిసారీ 50 వేల రూపాయల వరకు జరిమానా ఉంది. సుప్రీంకోర్టు 2014 తీర్పు వల్ల మైనారిటీ విద్యాసంస్థలకు ఈ చట్టం వర్తించదు, మిగతా ప్రైవేటు బడులన్నిటికీ వర్తిస్తుంది. మీరు గొడవ పెట్టుకోవాలని నేను చెప్పడం లేదు. చేరకముందే బలమైన పిల్లల్ని ఏరుకునే బడి, చేరాక బలహీనపడిన పిల్లను ఎలా చూస్తుందో ఊహించుకోండి చాలు. నూరు శాతం వెనుక సగం కథ ఆ ప్రవేశ పరీక్షలోనే ఉండవచ్చు.

భాష విషయంలో మాత్రం మీరు జాగ్రత్తగా అడగవలసిన ప్రశ్న ఒకటుంది, చాలామంది తెలుగు తల్లిదండ్రులు దీన్ని చేరాకే తెలుసుకుంటున్నారు. ఎస్‌ఎస్‌ఎల్‌సీలో మొత్తం 625 మార్కులు. అందులో ప్రథమ భాషకు 125, తక్కిన అయిదు సబ్జెక్టులకు వందేసి. ప్రభుత్వ హైస్కూళ్లలో సాధారణంగా కన్నడ ప్రథమ భాష, ఇంగ్లీషు ద్వితీయ భాష, హిందీ తృతీయ భాష. ఇంగ్లీషు మీడియం విభాగంలో చేరినా కన్నడ ప్రథమ భాషగానే ఉండే అవకాశం ఎక్కువ. మీ పాప ఇప్పటి బడిలో కన్నడను ద్వితీయ భాషగా చదువుతుంటే, ఎనిమిదిలో ఒక్కసారిగా ప్రథమ భాష పుస్తకం, అందులోని హళగన్నడ (పాత కన్నడ) పద్యాలు ఎదురవుతాయి. ఇది దాటలేని అడ్డంకి కాదు, వీధిలోనూ బడిలోనూ అయిదేళ్లుగా కన్నడ వింటున్న పిల్ల తేరుకుంటుంది, కానీ ఈ వేసవిలోనే మొదలుపెట్టాలి. ఏడో తరగతి ప్రథమ భాష కన్నడ పుస్తకం తెచ్చి రోజుకు ఒక పేజీ పైకి చదివించండి. కన్నడ తప్పించుకోవడం కోసం ప్రైవేటు బడికి వెళ్లాలన్న ఆలోచన ఉంటే మానుకోండి, 2015లో వచ్చిన చట్టం ప్రకారం కర్ణాటకలో అన్ని బడుల్లోనూ కన్నడ ప్రథమ భాషగానో ద్వితీయ భాషగానో చదవాల్సిందే.

మీకు కన్నడ చదవడం రాదన్న దిగులు నన్ను పెద్దగా కలవరపెట్టలేదు. తెలుగు లిపి, కన్నడ లిపి ఒకే మూలం నుంచి పుట్టినవి, తలకట్టు తేడా కళ్లకు అలవాటైతే సగానికి పైగా అక్షరాలు మీకు ముందే వచ్చినట్టు. బస్సు బోర్డులు, దుకాణాల పేర్లు కూడబలుక్కుంటూ పోతే కొన్ని వారాల్లో బడి డైరీలో రాసింది చదవగలుగుతారు. తల్లి చదవగలదని తెలిసిన ఇంటికి బడి పంపే కబుర్లు కూడా మారతాయి. ఇంగ్లీషు మీడియం విభాగం విషయంలో ఒక్కటే చూడండి: పాఠం నిజంగా పిల్లలకు అర్థమయ్యే భాషలో జరుగుతోందా? ఉపాధ్యాయుడు కన్నడలో వివరించి, పదాలు ఇంగ్లీషులో చెప్పి, పిల్లల చేత ఇంగ్లీషులో రాయిస్తుంటే అది లోపం కాదు, మంచి పద్ధతి. అర్థం చెప్పకుండా ఇంగ్లీషు జవాబులు బట్టీ పట్టిస్తుంటే, ఆ బడి ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా వద్దు.

భవనం, స్మార్ట్ క్లాసు తెర, రంగులు, బ్యాండు మేళం, వీటి మీద ఎక్కువ సమయం పెట్టకండి. రెండు వసతులు మాత్రం మీరే లోపలికి వెళ్లి చూడాలి: ఆడపిల్లల మరుగుదొడ్డి, తాగే నీళ్లు. మరుగుదొడ్డికి తాళం ఉందా, తాళం టీచర్ల దగ్గర ఉందా, లోపల నీళ్లు వస్తున్నాయా, వాడిన ప్యాడ్లు వేయడానికి చోటుందా చూడండి. ‘శుచి’ పథకం కింద ప్యాడ్లు పిల్లలకు అందుతున్నాయా అని ఒక మేడమ్‌ను అడగండి. పదమూడేళ్ల ఆడపిల్ల నెలకు మూడు రోజులు బడి మానేస్తే, లెక్కల్లో వెనకబాటు ఇంకా పెరుగుతుంది. సిగ్గుపడి ఈ ప్రశ్న అడగకుండా వచ్చేయకండి.

‘పనివాళ్ల పిల్లల బడి’ అన్న మాట నాకు బాధ కలిగించింది. క్యాబ్ నడిపే తండ్రి, బట్టలు కుట్టే తల్లి పని చేసేవాళ్లు కారా? ఆ బడిలో చదివే పిల్లల్లో చాలామంది మీలాగే అనంతపురం, కర్నూలు, రాయచూరు, కలబురగి వైపు నుంచి బతుకుతెరువు కోసం వచ్చినవాళ్ల పిల్లలు. ఇంట్లో చదువు చెప్పేవాళ్లు లేని పిల్లలతో ఒక బడి 78 శాతం తెచ్చిందంటే, ఇంట్లో చదువుకున్న తల్లిదండ్రులు, సాయంత్రం ట్యూషన్లు ఉన్న పిల్లలతో తెచ్చిన నూరు శాతంకన్నా అక్కడ ఉపాధ్యాయుల శ్రమ ఎక్కువే ఉండవచ్చు. ఆ మాట చెప్పినవాళ్లలో ఆ బడి లోపలికి వెళ్లి చూసినవాళ్లు ఎంతమందో అడగండి. బడి గురించి అక్కడ పిల్లల్ని చదివిస్తున్న తల్లుల మాట వినండి. ప్రభుత్వ బడిలో ‘ఎస్‌డీఎంసీ’ అనే తల్లిదండ్రుల కమిటీ ఉంటుంది, అందులో ఒక తల్లిని కలిసి, కమిటీ ఆఖరిసారి ఎప్పుడు కూర్చుంది, ఏం మాట్లాడుకున్నారు అని అడిగితే, ఆ కమిటీ పేరుకే ఉందో, పని చేస్తోందో తెలిసిపోతుంది. రేపు మీరే అందులో కూర్చోవచ్చు. ప్రైవేటు బడిలో మీకు ఆ పట్టు ఉండదు.

డబ్బు లెక్క కూడా వేసుకోవాలి. మూడేళ్లకు ఫీజే 1,65,000 రూపాయలు, వ్యాను, పుస్తకాలు, యూనిఫారం అదనం. మూడు లక్షల లోపు సంపాదనలో ఇది పెట్టడం మొదలుపెడితే, పదో తరగతి తరవాత పీయూసీకి, అంటే ఇంటర్‌కు, చేతిలో ఏమీ మిగలదు. ప్రభుత్వ బడిలో చేర్చి, మిగిలినదాంట్లో నుంచి నెలకు కొంత లెక్కలకు మాత్రం సరైన సహాయం ఏర్పాటు చేయడానికి వాడినా పాపకు ఎక్కువ మేలు జరుగుతుంది. పైగా ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిదో తరగతి చదివేవాళ్లకు ఎన్‌ఎంఎంఎస్ అనే ఉపకార వేతన పరీక్ష ఉంది. తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు మించకూడదు, ఏడో తరగతిలో 55 శాతం మార్కులు రావాలి. ఎంపికైతే తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఏడాదికి 12,000 చొప్పున నాలుగేళ్లలో 48,000 రూపాయలు వస్తాయి. ప్రైవేటు బడి పిల్లలకు ఈ అవకాశం లేదు. కాబట్టి ఇప్పటి ఏడో తరగతి మార్కుల మీద దృష్టి పెట్టండి, నాడ కచేరిలో, అంటే స్థానిక రెవెన్యూ కార్యాలయంలో, ఆదాయ ధ్రువపత్రం తీసి ఉంచండి. ప్రభుత్వ బడికి వెళ్లినప్పుడు, కిందటేడు ఎన్‌ఎంఎంఎస్‌కు ఎంతమందిని పంపారు, ఎవరు చదివించారు అని అడగండి. ఎనిమిదో తరగతి మొత్తానికి దరఖాస్తు పెట్టించి సాయంత్రాలు కూర్చోబెట్టి తయారుచేసే బడి ఒక రకం, ఆ పరీక్ష పేరే ఎత్తని బడి ఇంకో రకం. మీ ఆధార్ కార్డుల్లో ఇంకా హిందూపురం చిరునామానే ఉంటే ఇప్పుడే మార్పించండి. ఆదాయ పత్రానికీ, శక్తి పథకం కింద పాప బస్సులో ఉచితంగా వెళ్లడానికీ కర్ణాటక చిరునామా కావాలి.

మీ అన్నయ్యగారి సలహా ప్రేమతో ఇచ్చిందే, కానీ నేను వద్దంటాను. మొదటిది, పదమూడేళ్ల పిల్ల లెక్కల్లో వెనకబడి ఉన్న సమయంలో ఇంటికి దూరంగా పంపితే, ఆమె ఎక్కడ తడబడుతోందో గమనించే కళ్లు మీవి కూడా లేకుండా పోతాయి. రెండోది, ఏ రాష్ట్రంలో స్థానికురాలు అవుతుందన్న లెక్క. కర్ణాటకలో సీఈటీ అనే ప్రవేశ పరీక్ష ద్వారా ఇంజినీరింగ్ వంటి సీట్లకు ప్రధానమైన అర్హత నిబంధన ఒకటో తరగతి నుంచి పన్నెండు లోపు కనీసం ఏడేళ్లు ఇక్కడ చదివి ఉండటం, పది గానీ పన్నెండు గానీ ఇక్కడే పాసై ఉండటం. మూడు నుంచి ఏడు దాకా మీ పాపకు అయిదేళ్లే అయ్యాయి. ఇక్కడే ఇంకో రెండేళ్లు చదివి పది పాసైతే ఆ అర్హత వస్తుంది. ఇప్పుడు తిరుపతి వెళితే ఈ అయిదేళ్లూ దేనికీ పనికిరావు. ఆంధ్రలో స్థానికతకు ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు అక్కడ చదవాలి. మీరిద్దరూ ఊరికి తిరిగి వెళ్లిపోవాలని గట్టిగా నిర్ణయించుకున్నప్పుడే ఆ దారి ఆలోచించండి, పిల్లను ఒక్కదాన్నే పంపడానికి కాదు.

ఇప్పుడు చేయాల్సిన పని. ఎస్‌ఎస్‌ఎల్‌సీ పరీక్షల హడావుడి మొదలు కాకముందే, మామూలు పనిదినాన, ఉదయం ప్రార్థన అయిన అరగంటకు రెండు బడులకూ వెళ్లండి. ఏప్రిల్ రెండో వారానికి సెలవులు వచ్చేస్తే ఖాళీ గదులు తప్ప ఏమీ చూడలేరు. ఆ వేళకు ప్రతి గదిలో ఉపాధ్యాయులు ఉన్నారా, హెడ్‌మాస్టరు తన గదిలో ఉన్నారా, వరండాలో తిరుగుతున్నారా చూడండి. పాపను వెంట తీసుకెళ్లి, బయటికొచ్చాక ఆమె ఏమంటుందో వినండి. మీరు రాసినదాన్ని బట్టి నా మొగ్గు ప్రభుత్వ హైస్కూలు వైపే, కానీ దానికి రెండు షరతులు: పీసీఎం ఉపాధ్యాయులు ఏడాది పొడవునా ఉండే ఏర్పాటు ఉండాలి, తొమ్మిదో తరగతి నోట్లలో దిద్దుబాటు కనిపించాలి. ఈ రెండూ లేకపోతే ఆ బడి దగ్గరగా ఉందని, ఉచితమని చేర్చకండి. బస్సు దూరంలో ఉన్న మరో ప్రభుత్వ హైస్కూలును, ఎల్‌కేజీ నుంచి పీయూసీ దాకా ఒకే ఆవరణలో నడిచే కర్ణాటక పబ్లిక్ స్కూలును, పాత ఎయిడెడ్ బడులను కూడా ఇదే పద్ధతిలో చూడండి. ప్రైవేటు బడి తన ఎనిమిది, పది తరగతుల సంఖ్యలు దాచకుండా చెప్పి, ప్రవేశ పరీక్ష లేకుండా పాపను చేర్చుకుని, భిన్నాలు ఎవరు ఎప్పుడు నేర్పుతారో చెప్పగలిగితే, నా మొగ్గును పక్కన పెట్టి దాన్ని ఆలోచించే హక్కు మీకుంది, ఆ ఫీజు మీరు భరించగలిగితే.

ఎక్కడ చేర్చినా జూన్ నెలలో ఒకసారి, బడిలో మధ్యమధ్య పెట్టే చిన్న పరీక్షల్లో మొదటిదైన ఎఫ్‌ఏ పరీక్ష పేపర్లు ఇచ్చినప్పుడు ఒకసారి వెళ్లి లెక్కల టీచరును కలవండి. మీరు రాసిపెట్టుకున్న కాగితం తీసుకెళ్లండి. దసరా సెలవుల నాటికి ఆ కాగితంలో ఒక్కటీ కొట్టివేయలేకపోతే, మూడేళ్లూ వేచి చూడవద్దు. ఎనిమిదో తరగతి పూర్తయ్యేలోపు బడి మార్చుకునే హక్కు పిల్లకు చట్టం ఇచ్చింది. అడిగిన వెంటనే హెడ్‌మాస్టరు టీసీ ఇవ్వాలి. టీసీ రావడం ఆలస్యమైందని ప్రభుత్వ, ఎయిడెడ్ బడులు చేర్చుకోవడం ఆపకూడదు. ఫీజు బాకీ ఉందని ఇప్పటి ప్రైవేటు బడి టీసీ బిగబట్టినా ఇదే వర్తిస్తుంది. అవసరమైతే బ్లాక్ విద్యాధికారి, అంటే బీఈఓ కార్యాలయంలో రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, దాని నకలు మీద ముద్ర వేయించుకోండి.